కోడ్ పక్కనే మాట కూడా ఉండాలి

వదినా, ఆ బట్టలు తర్వాత ఆరేద్దువు గానీ జర గోడ కాడికి రా. మీ చిన్నోడు లేచిండా? లేస్తే వాణ్ని కూడా పిలువు. రాత్రి చాలాసేపు వాడి గదిలో లైటు వెలుగుతనే ఉంది. కోదాడ కాలేజీ ప్రాజెక్టు అయిపోయిందని మొన్ననే అన్నవు గదా, మళ్లీ ఏమొచ్చింది?

ఓ, అదా! యాప్ రాసే దోస్తుకూ వీడికీ మాటా మాటా వచ్చిందా? అది దోస్తానాలో తేడా కాదు వదినా. వాళ్లిద్దరి మధ్య ఉండాల్సిన కాయితం సరిగ్గా లేదు, అంతే. నేను ఇంట్లో కూర్చొని హైదరాబాద్ ఆఫీసుకు రోజూ చేసేది ఈ పనే కాబట్టి చెప్తున్న. ఇదే తగువు ఇరవై ఏళ్ల అనుభవమున్న ఇంజినీర్ల మధ్య కూడా వస్తది. దీనికి మందుంది, అది మీవాడి కంప్యూటర్లోనే ఉంది.

నీకు తెలిసేటట్టు చెప్త. మీవాడు రాసింది సర్వర్. రైతు పేరు, వడ్ల రకం, తేమ శాతం, తూకం రాసుకొని దాచిపెట్టే ప్రోగ్రాం. దోస్తు రాసేది ఫోన్లో కనపడే యాప్. ఆ యాప్ ఈ సర్వర్‌ను అడిగే దారిని ఏపీఐ అంటరు. వడ్ల కొనుగోలు కేంద్రం కాడ కిటికీ అనుకో. పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఇస్తే లోపలోళ్లు చీటీ రాసిస్తరు. ఏమేం తేవాలో బయట బోర్డు మీద రాసుంటే రైతు ఒక్కసారి వచ్చి పని చేసుకొని పోతడు. బోర్డు లేకపోయినా, నిరుటి బోర్డే వేలాడుతున్నా ఎండలో తిరగాల్సిందే. ఆ బోర్డును మేం డాక్యుమెంటేషన్ అంటం.

రా అల్లుడూ, రా. మీ అమ్మకు నీ సంగతే చెప్తున్న. దోస్తుకు డాక్యుమెంటేషన్ ఇచ్చినవా?

"ఇచ్చిన అత్తా. ఎక్సెల్ షీట్లో రాసి వాట్సాప్‌లో పంపిన."

ఎప్పుడు?

"దసరాకు ముందు."

ఆ తర్వాత కోడ్ మార్చినవా?

"చానాసార్లు మార్చిన."

మరి షీట్?

చూసినవా వదినా, ఇక్కడ మాట ఆగిపోయింది. తప్పు వీడిది కాదు. కోడ్ ఒక చోట, దాని వివరం ఇంకో చోట పెడితే ఎవరికైనా ఇదే గతి. కోడ్ పనిచేయకపోతే వెంటనే తెలుస్తది, దిద్దుతం. షీట్ పాతబడితే ఎవరికీ తెల్వదు. అవతలోడు దాన్ని నమ్మి పని చేసి, అది చెడిపోయినాక తెలుస్తది.

ఇంతకూ ఎక్కడ తేడా కొట్టింది? తూకం దగ్గరా? నాకు అనిపించింది. విను వదినా. మన దగ్గర వడ్ల బస్తా 40 కిలోలు. వంద బస్తాలు తూస్తే 4000 కిలోలు, అంటే 40 క్వింటాళ్లు. దోస్తు యాప్ క్వింటాళ్ల లెక్కన 40 అని పంపింది. వీడి సర్వర్ కిలోలు అనుకొని 40 రాసుకుంది. వంద బస్తాల పంట ఒక్క బస్తా అయిపోయింది! ఇది పరీక్ష కోసం పెట్టిన లెక్క కాబట్టి సరిపోయింది. రేపు ఎవరో రైతు ఖాతాలో ఈ లెక్కనే పైసలు పడితే ఆ కుటుంబం గతేంది? అందుకే నేను దీన్ని చిన్న విషయం అనుకోను.

అల్లుడూ, నువ్వు రాసింది పైథాన్‌లో, ఫాస్ట్‌ఏపీఐ మీదనే గదా? అయితే నీ డాక్యుమెంటేషన్ ఎప్పుడో తయారై కూర్చుంది, నువ్వు తెరిచి చూడలే. సర్వర్ నడుస్తున్నప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, 8000 పోర్టు, ఆ చివర స్లాష్ పెట్టి డాక్స్ అని కొట్టు. నీ దారులన్నీ వరుసగా కనపడతయి. ఏది సమాచారం అడిగేది, ఏది కొత్తగా రాసేది, ఏది చెరిపేది, అన్నీ రంగులతో సహా. ఒక్కోదాన్ని తెరిస్తే ఏం పంపాలి, ఏం తిరిగొస్తదో ఉంటది. పక్కనే ఉన్న బటన్ నొక్కి అక్కడికక్కడే పంపి చూడొచ్చు. దాని పేరు స్వాగర్ యూఐ. డాక్స్ బదులు రీడాక్ అని కొడితే అదే సమాచారం చదువుకోను వీలుగా పుస్తకంలెక్క వస్తది.

"నేనేం రాయకుండనే ఎట్ల వచ్చింది అత్తా?"

రాసినవు. తూకం అంకె అనీ, పేరు అక్షరాలనీ కోడ్‌లో రకాలు చెప్పినవు గదా, వాటిని చదువుకుంటది. పైడాంటిక్ మోడల్‌లో ఏ గడి తప్పనిసరో, ఏది ఉన్నా లేకున్నా సరేనో రాసినవు, అదీ తీసుకుంటది. అన్నీ కలిపి ఓపెన్‌ఏపీఐ జేసన్ అనే ఒక్క ఫైలు తయారు చేస్తది. అసలు డాక్యుమెంట్ ఆ ఫైలే. నువ్వు చూసే పేజీ దానికి వేసిన అంగీ. నువ్వు కోడ్‌లో ఒక గడి పేరు మార్చి సర్వర్ మళ్లీ మొదలుపెడితే ఆ ఫైలూ మారుతది, పేజీ కూడా మారుతది. దసరాకు ముందు షీట్, తర్వాత షీట్ అన్న గొడవే ఉండదు.

దీని పుట్టుక కూడా చెప్త, బాగుంటది. వర్డ్‌నిక్ అని ఇంగ్లీషు మాటల ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. వాళ్ల సమాచారాన్ని బయటి ప్రోగ్రామర్లు వాడుకునేటందుకు ఏపీఐ పెట్టిండ్రు. దాని వివరాలు చేత్తో రాసుకుంటపోవడం కష్టమై, అక్కడ పనిచేసే టోనీ టామ్ అనే ఇంజినీరు స్వాగర్ మొదలుపెట్టిండు. 2011లో అది లోకానికి వచ్చింది. 2015లో స్మార్ట్‌బేర్ కంపెనీ చేతికి పోయింది. అదే ఏడాది చివర లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద కొన్ని పెద్ద కంపెనీలు కలిసి ఓపెన్‌ఏపీఐ ఇనిషియేటివ్ పెట్టుకొని, స్వాగర్ నియమాలను అందరి ఆస్తి చేసినయి. 2017లో 3.0, 2021లో 3.1 వచ్చినయి. సెబాస్టియన్ రమీరెజ్ 2018 చివర ఫాస్ట్‌ఏపీఐ విడుదల చేసినప్పుడు ఈ నియమాలనే పునాదిగా పెట్టుకున్నడు. అందుకే నీకు పేజీ ఊరికే వచ్చింది.

"అయితే నా పని అయిపోయినట్టేనా?"

సగం అయింది. మిగిలిన సగమే అసలు సంగతి, విను. ఆ పేజీలో తూకం దగ్గర ఏముందో చూడు. అంకె అని ఉంది. కిలోలా, క్వింటాళ్లా? లేదు. ఎందుకంటే నీ కోడ్‌లోనూ లేదు, నీ మనసులో ఉంది. నీ మనసులో ఉన్నది యంత్రం చదవలేదు. ఆటోమేటిక్ అంటే నువ్వు చెప్పింది మర్చిపోకుండా అందరికీ చూపెడతది, అంతే. నువ్వు చెప్పనిది అది చెప్పదు.

కాబట్టి ముందు ఆ గడి పేరు మార్చు, పేరులోనే కేజీ అని రానీ. తర్వాత ఫీల్డ్ అనే దాంట్లో వివరణ రాయి. సున్నా కంటే పెద్దదై ఉండాలని హద్దు పెట్టు. తేమ శాతానికి సున్నా నుంచి వంద దాకా హద్దు పెట్టు. 17 శాతం దాటిన వడ్లు మద్దతు ధరకు కొనరు గదా, ఆ ముక్క వివరణలో రాయి. ఒక ఉదాహరణ కూడా ఇయ్యి. నూరు బస్తాలు, 4000 కిలోలు, తేమ 16 శాతం అని. నేను చూసినంతలో, పేజీ తెరిచినోడు ముందు ఉదాహరణే చూస్తడు, వివరణ తర్వాత చదువుతడు. నీ దోస్తుకు ఆ ఉదాహరణ కనపడి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

ఇంకోటి, తప్పుల జాబితా. హద్దు దాటిన అంకె పంపితే 422 అని జవాబొస్తదని ఫాస్ట్‌ఏపీఐ తనంతట తానే రాసిపెడతది. కానీ ఆ రైతు నంబరు రిజిస్టర్‌లో లేకపోతే నువ్వు 404 పంపుతున్నవు గదా? అది పేజీలో కనపడదు. ఫంక్షన్ లోపల నువ్వు విసిరే తప్పును అది ముందే చూడలేదు. ఆ దారికి రెస్పాన్సెస్ అని చేర్చి 404 ఎప్పుడొస్తదో చేత్తో రాయాలి. అన్నీ బాగున్నప్పుడు ఏం వస్తదో అందరూ రాస్తరు. బాగలేనప్పుడు ఏమొస్తదో రాసినోడినే అవతలోడు గుర్తుపెట్టుకుంటడు.

ఏ భాషలో రాయాలంటవా? గడుల పేర్లు ఇంగ్లీషులో ఉండనీ, కోడ్‌కు అదే సుఖం. వివరణలు మాత్రం తెలుగులో రాయి. జేసన్ ఫైలు యూనికోడ్‌లో ఉంటది, స్వాగర్ పేజీలో తెలుగు చక్కగా వస్తది. ఈ యాప్‌ను రేపు చూసేది కేంద్రం నడిపే మహిళా సంఘం వాళ్లు, మిల్లు గుమాస్తా, నీ తర్వాత చదివే మనూరి పిల్లలు. సన్నరకం, దొడ్డురకం అని నువ్వు రాస్తే వాళ్లకు ఇంకొకరు విప్పి చెప్పే పని లేదు.

అవును వదినా, ఈ ఊళ్లో నిలబడి ఈ మాట అంటున్నప్పుడు నాకు కొమర్రాజు లక్ష్మణరావు గారు గుర్తొస్తరు. మన మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారి దగ్గర ఆయన దివాను. నడిగూడెం కోటలో సంస్థానం పనులు చూసుకుంటనే, తెలుగోళ్లకు తెలుగులోనే చదువు అందాలని పట్టుబట్టిండు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు వీళ్లిద్దరూ ఉన్నరు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో తెచ్చిండ్రు. ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టిండు. ప్రపంచంలో ఉన్న విషయాలన్నిటినీ అక్షరక్రమంలో తెలుగులో వివరించే పని. మూడు సంపుటాలు వచ్చినయి, అకారం దాటకముందే 1923లో ఆయన కన్నుమూసిండు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు.

ఆయనకు అచ్చొత్తే యంత్రం తప్ప ఇంకో యంత్రం సాయం లేదు. నీకున్నది అల్లుడూ. పేర్లు, రకాలు, వరుసలు, మార్పులు, ఈ చాకిరంతా అది చేసిపెడతది. నీకు మిగిలేది అర్థం చెప్పే పని ఒక్కటే. అదొక్కటీ శ్రద్ధగా చేయమనే నా బాధ.

"కాలేజీ ప్రాజెక్టుకు ఇంత అవసరమా అత్తా?"

కొవిడ్ రోజులు గుర్తు చేసుకో. 2021 మే నెలలో దేశంలో 18 ఏళ్లు దాటినోళ్లకు టీకా స్లాట్లు ఎంత కష్టంగా దొరికేవి! కొవిన్ వాళ్లు స్లాట్లు చూసే ఏపీఐని, దాని వివరాలను కేంద్ర ప్రభుత్వ ఏపీఐ సేతులో అందరికీ పెట్టిండ్రు. పిన్‌కోడ్‌తో వెతకొచ్చు, జిల్లా నంబరుతో వెతకొచ్చు, తేదీ ఏమో ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత సంవత్సరం వరుసలో పంపాలి. ఒక్కో ఐపీ అడ్రసు నుంచి అయిదు నిమిషాలకు వంద సార్లే అడగాలి. ఇవన్నీ అప్పట్లో రాసి ఉండేవి. అవి చదివి ఎక్కడెక్కడి కుర్రాళ్లో స్లాట్ ఖాళీ కాంగనే టెలిగ్రామ్‌లో కబురు చెప్పే ప్రోగ్రాములు రాసిండ్రు. ఎవరి ఆఫీసుకు పోలే, ఎవరినీ అడగలే. డాక్యుమెంట్ బయట ఉండబట్టే రాయగలిగిండ్రు.

పక్క జిల్లా సంగతీ ఉంది. 2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక, అదే ఏడెక్స్, మొదలుపెట్టిండ్రు. తొలి విడత ఖమ్మం జిల్లాలో. పంటలు, నేలలు, వాతావరణం, ఇట్లాంటి సమాచారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఏపీఐల మీదనే పోవాలి. అట్లాంటి చోట తూకం ఏ కొలతలో ఉందో రాయకపోతే ఎంతమంది పంట లెక్క తారుమారవుతదో నువ్వే చెప్పు. రేపు మిర్యాలగూడ మిల్లులోని సాఫ్ట్‌వేర్ నీ సర్వర్‌ను అడగాల్సి వస్తే, నువ్వు ఫోనెత్తి చెప్పే పని లేకుండా ఆ పేజీయే చెప్పాలి.

ఇగ జాగ్రత్తలు చెప్త, రాసుకో.

ఆ పేజీలో పంపి చూసే బటన్ ఉత్తుత్తది కాదు. నిజంగానే సర్వర్‌కు పంపుతది, డేటాబేస్‌లో నిజంగానే రాస్తది. అందుకే నేర్చుకునే కాపీ వేరు, అసలు నడిచే సర్వర్ వేరు ఉండాలి. అసలుదాంట్లో ఈ పేజీ బయటోళ్లకు అవసరం లేకపోతే డాక్స్ యూఆర్ఎల్, రీడాక్ యూఆర్ఎల్, ఓపెన్‌ఏపీఐ యూఆర్ఎల్ మూడూ నన్ అని పెట్టి మూసెయ్యి. పేజీ ఒక్కటి మూసి జేసన్ ఫైలు తెరిచి ఉంచితే లాభం లేదు, లోపలి దారులన్నీ దాంట్లో చదువుకోవచ్చు. దాచినంత మాత్రాన భద్రత వచ్చిందనీ అనుకోకు. ప్రతి దారికీ టోకెన్ అడిగే తాళం వేరుగా ఉండాల్సిందే. ఆ తాళాన్ని ఫాస్ట్‌ఏపీఐ ఇచ్చే పద్ధతిలోనే రాస్తే పేజీ పైన ఆథరైజ్ బటన్ కూడా వస్తది, టోకెన్ ఒక్కసారి ఇచ్చి అన్నీ పరీక్షించుకోవచ్చు. ఉదాహరణల్లో మాత్రం నిజమైన రైతు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు పెట్టొద్దు. ఇది మాత్రం ఒట్టు పెట్టించుకొని చెప్తున్న.

సర్వర్‌ను ఇంజిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ వెనక పెట్టి, అడ్రసుకు ముందు ఇంకో ముక్క తగిలిస్తే పేజీ తెరుచుకుంటది గానీ లోపల ఖాళీగా తప్పు చూపెడతది. జేసన్ ఫైలును పాత అడ్రసులో వెతుకుతది కాబట్టి. రూట్ పాత్ సెట్ చేస్తే సరిపోతది. ఇంకోటి, ఆ పేజీకి కావాల్సిన జావాస్క్రిప్ట్ మామూలుగా బయటి సీడీఎన్ నుంచి వస్తది. నెట్ లేని చోట పేజీ తెల్లగా ఉంటే భయపడకు, ఆ ఫైళ్లు మన సర్వర్‌లోనే పెట్టుకునే వీలుంది.

పాత దారిని తీసెయ్యాల్సి వస్తే ఒక్కసారిగా తీసెయ్యకు. డెప్రికేటెడ్ అని గుర్తు పెడితే పేజీలో దాని మీద గీత పడతది. అవతలోడు చూసి మెల్లగా మారతడు. గడువు దాటినాక తీసెయ్యి.

నీ దోస్తులు వేరే భాషలో రాస్తరేమో, వాళ్లకూ చెప్పు. జావా, స్ప్రింగ్ బూట్ అయితే స్ప్రింగ్‌డాక్ చేర్చాలి. పాత పాఠాల్లో స్ప్రింగ్‌ఫాక్స్ అని కనపడతది, అది 2020 తర్వాత కదలలేదు, కొత్త స్ప్రింగ్ బూట్‌తో పొసగదు. డాట్‌నెట్‌లో స్వాష్‌బకిల్ ఏళ్లకేళ్లు టెంప్లేట్‌తోనే వచ్చేది, 2024 చివర వచ్చిన డాట్‌నెట్ 9 నుంచి తీసేసి మైక్రోసాఫ్ట్ సొంతది పెట్టింది. జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ అయితే డీఆర్ఎఫ్ స్పెక్టాక్యులర్. నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ వాడేటోళ్లు మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడ స్వాగర్ జేఎస్‌డాక్ అనేది కోడ్‌ను కాదు, కోడ్ పైన రాసిన కామెంట్లను చదువుతది. కోడ్ మార్చి కామెంట్ మార్చకపోతే మళ్లీ నీ ఎక్సెల్ షీట్ కథే. పేజీ అందంగా ఉంటది, చెప్పేది అబద్ధం.

దానికీ ఒక కాపలా ఉంది. ఆ జేసన్ ఫైలును గిట్‌లో పెట్టు. కోడ్ మారినప్పుడల్లా కొత్త ఫైలు తయారు చేయించి పాతదానితో పోల్చే పనిని, కోడ్ కలిపేటప్పుడు నడిచే తనిఖీల్లో చేర్చు. ఓఏఎస్‌డిఫ్ లాంటి పనిముట్టు ఏ గడి పోయిందో, ఏది కొత్తగా తప్పనిసరైందో చెప్తది. ఆ తేడాను దోస్తు చూసి సరే అన్నాకే కలుపు. ఇంకా మేలు కావాలంటే అదే ఫైలు నుంచి యాప్ వైపు కోడ్‌ను ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌తో పుట్టించుకోమను. అప్పుడు గడుల పేర్లు వాడు చేత్తో కొట్టే పనే ఉండదు, తప్పే ఉండదు.

వదినా, నీకు ఇదంతా కంప్యూటర్ గొడవలెక్క వినపడుతుండొచ్చు. కాదు. మన పని మీద ఆధారపడ్డ ఇంకో మనిషి టైమును గౌరవించే పని ఇది. ఆ మనిషి మనకు తెల్వకపోవచ్చు, మనం ఉద్యోగం మారి పోయినాక రావచ్చు. వాళ్లు మనల్ని వెతుక్కునే అవసరం లేకుండా చెయ్యడమే మంచి ఇంజినీరు లక్షణమని నేను గట్టిగా నమ్ముత.

అల్లుడూ, ముందు దోస్తుకు ఫోన్ చెయ్యి, మాటలు కలుపుకోండ్రి. తర్వాత ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చొని ఒక్కో గడికి వివరణ, కొలత, ఉదాహరణ, తప్పుల జాబితా రాయండ్రి. ఆ ఎక్సెల్ షీట్ తీసెయ్యండ్రి. ఇట్లాంటి సర్వర్లు రాసే పిల్లలు సూర్యాపేటలో ఉన్నా, కోదాడలో ఉన్నా, అమెరికాలో ఉన్నా నేను చెప్పేది ఇదొక్కటే: ఈరోజే మీ డాక్స్ పేజీ తెరిచి, మీ పని గురించి ఏమీ తెలియని మనిషిలా ఒక్కసారి చదవండి. అర్థం కాని గడి ఒక్కటి కనపడ్డా, కొత్త ఫీచర్ మొదలుపెట్టే ముందు దానికి వివరణ రాయండి.